రోషీన్ ఒంటిమీది చలికాలం

కానీ ముందు చలి ఎవరికి వేస్తోందో తేలాలి కదా, అది తేలకుండా ఎవరు ఎవరికి దుప్పటి కప్పితే ఏం లాభం అని ఆలోచిస్తూ కారులోనే కూర్చున్నాను. హీటరు వేసే ఉంది. అద్దానికి పట్టిన ఆవిరిని మోచేత్తో తుడిచి చూస్తే, కంచె దగ్గర సుధేష్ణ పల్చటి కోటుతో నిలబడి గుర్రం మెడ తుడుస్తోంది. తువ్వాలు తడిసిపోయినట్టుంది, కంచె మీద పడేసి ఇంకోటి అందుకుంది. గుర్రం ఒంట్లోంచి ఆవిర్లు లేస్తున్నాయి. అక్టోబరు చివర్లో ఒక శనివారం. మధ్యాహ్నమే సాయంత్రంలా ఉంది. వెనకాల స్లీవ్ బ్లూమ్ కొండలు సగం మబ్బులో ఉన్నాయి. చలి వేయాల్సింది ఆమెకి. వేస్తున్నది నాకు.

నా భార్య పోర్ట్‌లీష్‌లో మత్తు డాక్టరు. నేను అదే ఊళ్ళో మానసిక వైద్యుణ్ణి. "అమ్మాయేమో ఊరందరినీ నిద్రపుచ్చుద్ది, అల్లుడు గారేమో నిద్ర పట్టనోళ్ళని చూస్తారు" అని మా అత్తగారు సత్యవాణి గారు కాకినాడలో అందరికీ చెబుతుంటారు. గుర్రం పేరు రోషీన్. ముదురు గోధుమరంగు ఆడగుర్రం, వెడల్పాటి ఛాతీ, తొందరపడని కళ్ళు. ఆ ఏప్రిల్‌లో, పొదలోంచి ఏదో పెద్ద పిట్ట ఒక్కసారిగా లేచేసరికి బెదిరి, సుధేష్ణని దారిలో పడేసి, ఖాళీ జీనుతో ఒక్కతే యార్డుకి నడిచి వచ్చింది. ఆ కబురు నాకు ఫోన్లోనే తెలిసింది. సుధేష్ణ ఎడమ మణికట్టులో ఇప్పుడొక లోహపు పట్టీ ఉంది. అప్పట్నుంచి తను గుర్రం ఎక్కలేదు. ఇక ఎక్కనని అనలేదు, ఎక్కుతాననీ అనలేదు. పొడుగాటి తాడు కట్టి చుట్టూ పరుగెత్తిస్తోంది, అంతే.

ఇంతలో ఈ గుర్రాల యార్డు యజమానురాలు మరీడ్ పేడ నిండిన చక్రాల బండిని తోసుకుంటూ వచ్చి గుర్రం దగ్గర ఆగింది. నేను అద్దం కొంచెం దించాను.

"ఇంకా ఆరలేదా ఇది?" అంది మరీడ్.

"ఆరుతుంది."

"ఇంత బొచ్చు వేసుకుని పరుగెత్తితే ఎలా ఆరుతుంది, తల్లీ? స్వెట్టరేసుకుని స్నానం చేసినట్టు." బండి దించి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. "ఏదో ఒకటి తేల్చుకో. చలికాలమంతా పని చేయించాలనుకుంటే బొచ్చు కత్తిరించు, రగ్గు కప్పు, రోజూ రెండు పూటలా వచ్చి చూసుకో. వద్దనుకుంటే లాడాలు పీకించి పొలంలోకి వదిలెయ్. దాని కోటు దానికి ఉంది. వసంతం దాకా గ్రాండ్‌గా, ఏ లోటూ లేకుండా ఉంటుంది. రెండూ తప్పు కాదు. రెంటి మధ్యలో నిలబడటమే తప్పు."

"ఆలోచిస్తాను," అంది సుధేష్ణ.

నేను అద్దం పైకెత్తేశాను. గుర్రానికి క్షవరం చేయించాలా వద్దా అన్న ప్రశ్నకి అడుగున ఇంకో ప్రశ్న ఉందని నాకు అప్పుడే అర్థమైంది. కత్తిరిస్తే ఎక్కుతుంది. కత్తిరించకపోతే వసంతం దాకా ఎక్కదు, వసంతానికి అలవాటు తప్పిపోతుంది, ఆ తర్వాత రోషీన్‌ని ఎవరికైనా ఇచ్చేస్తాం, మా ఇంట్లో ఫోన్ మోగినప్పుడల్లా నా గుండె ఆగడం మానేస్తుంది. ఇదంతా ఒక్క ఊపిరిలో ఆలోచించి, గుర్రాల మీద నాకు హఠాత్తుగా గొప్ప జాలి కలిగిందని గమనించాను.

*

నవంబరులో మొదటిసారి గట్టిగా మంచు పడ్డ వారాంతం సుధేష్ణ ఆన్‌కాల్‌లో ఉంది. మరీడ్ ఎవరో బంధువు పోతే ఎన్నిస్ అనే ఊరికి వెళ్ళింది.

"ఎండుగడ్డి వేసి, తొట్టి మీద ఐసు పగలగొట్టి వచ్చెయ్. ఇంకేం చెయ్యకు త్రినాథ్," అని సుధేష్ణ ఫోన్లో చెప్పింది.

ఇంకేం చెయ్యకు అంటే ఏం చెయ్యాలో నాకు తెలియదు. మా అమ్మాయి హాసినిని తోడు తీసుకుని వెళ్ళాను. పదమూడేళ్ళది, నా తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి లీష్ యాసలో ఇంగ్లీషులో వస్తుంది. గేటు దగ్గర ఆగి చూస్తే పొలమంతా తెల్లగా ఉంది, ఆ తెల్లటి పొలం మధ్య రోషీన్, దాని వీపు కూడా తెల్లగా. మెడ మొదలు నుంచి తోక దాకా ఎవరో ముగ్గుపిండి జల్లినట్టు.

"హాసీ, దాని వీపు మీద ఐసు పట్టిందే!"

"షీజ్ గ్రాండ్, డాడీ. లీవ్ హర్."

"గ్రాండ్ ఏంటమ్మా, గడ్డకట్టుకుపోతుంటే! లోపల రగ్గుంది కదా, పద."

"మమ్మీ సెడ్ డోంట్ డూ ఎనీథింగ్."

నేను విజయనగరంలో పెరిగినవాణ్ణి. అక్కడ డిసెంబరులో ఇక్కడి జులై కన్నా వెచ్చగా ఉంటుంది. అయినా మా అమ్మ నా చెవుల్లో దూది కుక్కి, దాని మీద మంకీ క్యాపు దించి, దాని మీద మఫ్లరు చుట్టి బడికి పంపేది. చలి అంటే ఎవరో ఒకరు నిన్ను కప్పాల్సిన సమయం అని నా ఒళ్ళు నేర్చుకుంది. జీన్లు, రగ్గులు పెట్టే గదిలో అన్నిటికన్నా బరువైన రగ్గు వెతికాను. గుర్రాలకి నేను భయపడతాను, అది కూడా చెప్పాలి. రగ్గుని గోడలా ముందు పట్టుకుని, రోషీన్ ముఖం చూడకుండా, పక్కనుంచి దాని మీదికి విసిరినట్టు వేశాను. కడుపు కింద పట్టీలు హాసినే బిగించింది, కళ్ళు పైకెత్తి నిట్టూరుస్తూ. రోషీన్ తల తిప్పి నన్ను చూసింది. అది కృతజ్ఞత అనుకున్నాను. ఇతరుల చూపులకి అర్థాలు చెప్పడం నా వృత్తి.

మర్నాటికి ఎండ కాసింది. డ్యూటీ దిగి నేరుగా యార్డుకి వెళ్ళిన సుధేష్ణ నన్ను కూడా రమ్మంది. నేను వెళ్ళేసరికి రగ్గు సగం విప్పి ఉంది. లోపలినుంచి తడిసిన కుక్క వాసనలాంటి వేడి వాసన కొట్టింది. రోషీన్ బొచ్చంతా చర్మానికి అతుక్కుపోయి, నీళ్ళలో ముంచి తీసినట్టుంది.

"నిన్న దీని వీపు మీద మంచుందా?" అంది సుధేష్ణ.

"పేరుకుపోయింది! అందుకే కదా..."

"కరగలేదు కదా?"

"అస్సలు కరగలేదు."

"కరగలేదంటే లోపలి వేడి బయటికి రావట్లేదని. బొచ్చు అంత బాగా పనిచేస్తోందని. వెచ్చగా నిలబడిందది." నా ముఖం చూసింది. పెదవులు బిగబట్టుకుంది, కానీ ఆపుకోలేకపోయింది. "మంకీ క్యాపు పెట్టేశావా త్రినాథ్ దీనికి? మీ అమ్మగారి దగ్గర్నుంచి వచ్చిందా ఈ రగ్గు? చెవుల్లో దూది పెట్టలేదూ?"

గుర్రం మీద వాలిపోయి నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఏప్రిల్ తర్వాత నేను వినలేదు. నవ్వుతూనే తువ్వాలు తీసి పని మొదలుపెట్టింది. ముప్ఫై గంటల డ్యూటీ చేసి వచ్చిన మనిషి, నా తప్పుని ఒక్క మాట అనకుండా, గుర్రం ఒంటి మీంచి తుడిచేస్తోంది. బొచ్చుని వేళ్ళతో పైకి లేపి, గాలి తగిలేలా విడదీసి, మళ్ళీ తుడుస్తోంది. ఎడమ చెయ్యి త్వరగా అలిసిపోతుంది, అప్పుడు ఆ చేతిని గుర్రం మెడ మీద ఊరికే ఆనించి కుడిచేత్తో సాగిస్తుంది. ఆ చేతి విశ్రాంతి కూడా గుర్రానికి ఒక లాలనలాగే అందుతోంది.

*

తర్వాతి వారం నేను ప్రకృతి పక్షం తీసుకున్నాను. గుర్రాల చర్మం గురించి, వెంట్రుకల గురించి, చలి గురించి దొరికినవన్నీ చదివాను. భోజనం దగ్గర బెండకాయ వేపుడు వడ్డించుకుంటూ ఉపన్యాసం మొదలుపెట్టాను.

"పగళ్ళు కురచవుతుంటే చాలు, చలి రాకముందే బొచ్చు పెరుగుతుందట. అంత ఏర్పాటుంది దాని ఒంట్లో. దాన్ని మనం మెషీను పెట్టి గీకేసి, మళ్ళీ మనమే రగ్గు కొని కప్పడం ఏంటి? మనిషి అహంకారం కాకపోతే."

"మొన్నటిదాకా రగ్గు కప్పినోడివి, ఇవాళ బొచ్చుకి లాయరు అయ్యావా?" అంది సుధేష్ణ.

"నేర్చుకున్నాను కదా!"

"డాడీ రెడ్ వన్ ఆర్టికల్," అంది హాసిని పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

సరిగ్గా అప్పుడే అత్తగారి వీడియో కాల్ వచ్చింది. మనవరాలు ముందే అన్నీ చేరవేసినట్టుంది.

"ఏవండీ అల్లుడు గారూ, గుర్రానికి గుండు కొట్టిస్తారంట? ఏ దేవుడికండీ మొక్కు?"

"నేను వద్దంటున్నానండీ అత్తయ్య గారూ. మీ అమ్మాయే."

"మళ్ళీ ఎక్కుద్దా ఏంటి?"

అందరం దాటేస్తున్న మాటని ఆవిడ అంత మామూలుగా అనేశారు. ఆవిడ నా వైపు వస్తారని ఆశపడ్డాను.

"నేను కాలవ గట్టు మీద మోపెడ్డు మీంచి పడ్డప్పుడు మీ మావయ్య గారు ఆ బండి అమ్మేస్తానన్నారండీ. అమ్మితే బడికి మీరు మోసుకెళ్తారా అన్నాను. అంతే, నోరెత్తలేదు." నవ్వి, గొంతు తగ్గించారు. "చేతికి దెబ్బ తగిల్తే మానుద్ది బాబూ. సుధా, జాగ్రత్తే."

ఫోన్ పెట్టేశాక హాసిని తన గదికి పోయింది. సుధేష్ణ గిన్నెలు సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"నువ్వు మాట్లాడుతోంది రోషీన్ తరఫునేనా?"

అవును అనడానికి నోరు తెరిచాను. నా ఎదుట కుర్చీలో కూర్చునే వాళ్ళు ఇలాంటి చోటే ఆగిపోతారు. అప్పుడు నేను తొందరపడను, నిశ్శబ్దాన్ని వాళ్ళకే వదిలేస్తాను. ఆమె కూడా అదే చేసింది. నేను నిశ్శబ్దాన్ని అలాగే ఉంచేశాను. కాసేపు చూసి, కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

*

ఒకరోజు క్లినిక్ త్వరగా అయిపోయింది. ఇంటికి పోకుండా యార్డు వైపు తిప్పాను. ఎందుకు తిప్పానో నాకు నేను చెప్పుకున్న కారణం ఇప్పుడు గుర్తు లేదు. గడ్డి కొట్టం పక్కన కారు ఆపి, దిగి నడిచాను. చినుకులు పడుతున్నాయి. మరీడ్ కనబడలేదు.

కొట్టం చివరికి వచ్చేసరికి సుధేష్ణ కనిపించింది, నాకు వీపు చేసి. రోషీన్ మీద జీను ఉంది. ఎక్కడానికి వేసిన రాతి మెట్టు పక్కన దాన్ని నిలబెట్టింది. తను మెట్టు మీద నిలబడి, ఎడమ కాలు రికాబులో పెట్టింది. ఒళ్ళంతా దాని మీదికి ఆనించింది. అలాగే ఉండిపోయింది. కాలు తీసేసింది. దిగి, గుర్రాన్ని నాలుగడుగులు నడిపించి తెచ్చి, మళ్ళీ మెట్టెక్కి మళ్ళీ కాలు పెట్టింది. రోషీన్ కొంచెం జరిగింది. సుధేష్ణ దాన్ని కసరలేదు. ఏదో చెబుతోంది దానికి, తెలుగులోనే అనుకుంటా, మాటలు వినబడలేదు. మళ్ళీ కాలు తీసేసింది.

భయం గురించి నేను రోజూ మాట్లాడతాను. ఒక్కో మెట్టూ రాసిస్తాను, ముందు ఇది చెయ్యండి, తర్వాత అది, వెనక్కి వచ్చినా ఫర్వాలేదు అని ధైర్యం చెబుతాను. భయాన్ని దగ్గరగా చాలాసార్లు చూశాననే అనుకునేవాణ్ణి. కానీ అది ఎప్పుడూ ఒక గదిలో, వెచ్చగా, బల్లకి అవతల ఉండేది. ఎవరూ చూడని చోట, వానలో, ఎవరూ రమ్మనకపోయినా వచ్చి, భయాన్ని గెలవాలని కూడా ప్రయత్నించకుండా, దాన్ని వెంటబెట్టుకునే కాలు ఎత్తే మనిషిని నేను ఇంతకుముందు చూడలేదు. ఎన్ని రోజులుగా ఇలా చేస్తోందో! "ఏముంది, తుడిచి వచ్చాను" అంటూ రోజూ ఇంటికొచ్చి కోటు విప్పి టీ పెట్టుకునే ఈ మనిషి.

చివరికి జీను దించేసింది. ముందే తాడు మీద పరుగెత్తించినట్టుంది, దాని కింద బొచ్చు చెమటతో నల్లగా మెరుస్తోంది. తువ్వాలు తీసింది. చినుకు వానగా మారినా కొట్టం అంచు కింద నిలబడి, ఆరేదాకా తుడిచింది. ఆ బొచ్చు ఎంత బరువో, దాన్ని ఆరబెట్టడం ఎంత పనో అప్పుడు తెలిసింది నాకు. నేను వచ్చిన దారినే వెనక్కి పోయాను. ఇంటికెళ్ళి అన్నం పెట్టాను.

తను వచ్చాక అడిగాను. "ఎలా ఉంది రోషీన్?"

"బానే ఉంది. తుడిచి వచ్చాను." పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ అంది. "ఆదివారం క్లిప్ చేస్తున్నా. మెడ ముందు, ఛాతీ, కడుపు కింద. చెమట పట్టే చోట్లు మాత్రమే. వీపు మీద బొచ్చు ఉంచేస్తాను."

"చలి వేస్తుంది కదా దానికి."

"వేస్తుంది. అందుకే రోజూ వెళ్ళాలి."

వద్దని చెప్పడానికి కావలసిన మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి. పెరుగు వేసుకున్నాను.

*

ఆదివారం హాసిని కళ్ళెం పట్టుకుని రోషీన్ ముక్కు నిమురుతూ నిలబడింది. సుధేష్ణ ముందు మెషీనుని దూరంగా ఆన్ చేసి వినిపించింది, తర్వాత ఆఫ్ చేసి భుజానికి ఆనించింది, ఆ తర్వాతే మొదలుపెట్టింది. గీసే చోట ముందు సుద్దతో గీత వేసుకుంది. ఆపరేషన్ ముందు సర్జన్లు గీసినట్టు. బొచ్చు పలకలు పలకలుగా జారి పడుతుంటే, కింద వేరే రంగు బయటపడింది. ఎలుక వెన్నులాంటి బూడిదరంగు. ఇన్నాళ్ళూ గోధుమరంగనుకున్నది పైపొర మాత్రమే. గుర్రం చర్మం ఇంత పల్చనని, కింద నరాలు ఇలా పాకి ఉంటాయని నాకు తెలియదు.

"షీ లుక్స్ సో నేకెడ్," అంది హాసిని మెల్లగా.

"అవును," అంది సుధేష్ణ. మెషీను ఆపి, గీసిన ఛాతీ మీద వట్టి అరచెయ్యి పెట్టి ఉంచింది. ముఖమంతా వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. "ఇప్పటిదాకా దీని చలి దీనిది. ఇవాళ్టి నుంచి నాది."

ఎవరికీ చెప్పినట్టు లేదు ఆ మాట. చీపురు తీసుకుని కింద పడ్డ బొచ్చు ఊడవడం మొదలుపెట్టాను. ఊడ్చినకొద్దీ గాలికి లేచి నా కోటు మీదే పడుతోంది. మరీడ్ వచ్చి, కత్తిరింపు గీతలు వంగి చూసి, "నీట్‌గా ఉంది, ఫెయిర్ ప్లే టు యూ" అని మెచ్చుకుని, నన్ను చూసి, "ఇతను కూడా ఇవాళ క్లిప్ చేయించుకున్నాడా?" అని నవ్వింది.

ఆ తర్వాత మా ఇంట్లో పొద్దులు మారిపోయాయి. చీకటితోనే ఒకరు యార్డుకి వెళ్ళాలి, రగ్గు జారిందా, లోపల తడిసిందా చూడాలి. భుజం వెనక రగ్గు కిందికి చెయ్యి పోనిస్తే వెచ్చగా, పొడిగా ఉండాలి, చెవులు చల్లగా ఉన్నాయని కంగారు పడకూడదు. ఇవన్నీ హాసిని నాకు ఇంగ్లీషులో నేర్పింది. సుధేష్ణ డ్యూటీలో ఉన్న రోజు నేనే వెళ్ళేవాణ్ణి. ఎక్కడికైనా వెళ్దామని క్రిస్మస్‌కి అనుకున్నదేదో దానంతటదే రద్దయింది. ఇంట్లో ప్రతి కోటు జేబులోనూ గడ్డిపోచలు. రాత్రి వాన శబ్దానికి మెలకువ వస్తే, పక్కన తను కూడా మేలుకునే ఉందని తెలిసేది. ఇద్దరం అదే గుర్రం గురించి ఆలోచిస్తున్నామని కూడా.

కానీ తను ఎక్కలేదు. తాడు కట్టి తిప్పడం, నడిపించడం, ఆరబెట్టడం. ఇప్పుడు ఇట్టే ఆరిపోతోంది రోషీన్. ఆరబెట్టడంలోనే పొద్దుపోయిందని చెప్పుకోవడానికి ఇక వీల్లేదు.

డిసెంబరు మధ్యలో, వాన లేని ఒక శనివారం, తను ఇంట్లోంచే స్వారీ హెల్మెట్ పెట్టుకుని కారెక్కింది. హాసిని నా వైపు చూసింది. దారంతా నా తలలో ఏప్రిల్ నాటి ఫోన్ మోగుతూనే ఉంది.

యార్డులో జీను వేసి, పట్టీ బిగించి, గుర్రాన్ని మెట్టు పక్కన నిలబెట్టింది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. తను కాలెత్తగానే రోషీన్ ఒక అడుగు పక్కకి జరిగింది. మళ్ళీ నిలబెట్టింది. మళ్ళీ జరిగింది. దానికి చెడ్డ ఉద్దేశం లేదు, పక్కనున్న మనిషి ఒంట్లో ఏముందో దానికి తెలుస్తోంది, అంతే. నాలుగోసారి సుధేష్ణ మెట్టు దిగేసింది. నుదురు జీనుకి ఆనించింది. పగ్గాలు పట్టుకున్న హాసిని, "ఇట్స్ ఓకే, మమ్మీ. వీ కెన్ జస్ట్ వాక్ హర్" అంది.

అక్కడితో అయిపోవచ్చు. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. ఈ చలికాలమంతా నేను కోరుకున్నది అదే, ఎవరి తప్పూ లేకుండా నా చేతిదాకా వచ్చి నిలబడింది.

గేటు తీసుకుని లోపలికి నడిచాను. గుర్రానికి ఇంత దగ్గరగా, మధ్యలో ఏ రగ్గూ లేకుండా రావడం నాకదే మొదటిసారి. నా అడుగుల చప్పుడుకి సుధేష్ణ తల తిప్పింది.

"ఏం చెప్పకు త్రినాథ్," అంది.

"చెప్పడానికి రాలేదు. ఎక్కించడం ఎలాగో చెప్పు."

నన్ను చూసింది. తర్వాత జీను మీద చేతులు వేసి, ఎడమ కాలు మోకాలి దగ్గర వెనక్కి మడిచింది.

"హోల్డ్ హర్ షిన్, డాడీ," అంది హాసిని. "బోత్ హ్యాండ్స్. ఆన్ త్రీ."

వంగి పట్టుకున్నాను. ఆమె పిక్క నా అరచేతుల్లో వణుకుతోంది. నా చేతులూ వణుకుతున్నాయి, ఏ వణుకు ఎవరిదో తెలియడం లేదు. హాసిని లెక్కపెట్టింది. మూడు అనగానే సుధేష్ణని పైకి ఎత్తాను.